మేస్త్రీ చెడగొట్టిన పనికి మళ్లీ డబ్బు అడిగితే ఏం చేయాలి

బాత్రూమ్ కొత్తగా చేయించారు. పైపులు, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్ అన్నీ మెటీరియల్‌తో సహా ఒకే మేస్త్రీకి గుత్తకిచ్చేశారు. మూడు నెలలు తిరక్కుండానే కింది ఫ్లాట్ వాళ్లు పైకొచ్చి "మా సీలింగ్‌కి చెమ్మ వస్తోందండీ, ఒకసారి దిగి చూడండి" అన్నారు. మేస్త్రీకి ఫోన్ చేస్తే నాలుగు రోజులకి వచ్చాడు, గోడ మీద తట్టాడు, ట్రాప్ (నేల మీది నీళ్లు బయటికి పోయే చోటు) మూత తీసి చూశాడు, చివరికి "టైల్స్ లేపాల్సిందే సార్, ఇరవై నాలుగు వేలవుతుంది" అని తేల్చాడు.

ఆ మాట వినగానే కొందరు "నువ్వు చెడగొట్టినదానికి నేనెందుకివ్వాలి, ఒక్క రూపాయి ఇవ్వను" అని అరిచి ఫోన్ పెట్టేస్తారు, ఆయన నంబర్ బ్లాక్ చేస్తాడు, అక్కడితో అయిపోతుంది. ఇంకొందరు కింది వాళ్ల పోరు పడలేక అడిగినంతా ఇచ్చేసి ఏడాదంతా తిట్టుకుంటూ ఉంటారు. ఈ రెండు దారులూ వద్దు. ఆ ఇరవై నాలుగు వేలలో ఆయన తప్పు సరిచేయడానికి ఎంత, మీకు కొత్తగా జరిగే పనికి ఎంత అన్నది విడదీసి, మొదటిది ఇవ్వను, రెండోది ఇస్తాను అని చెప్పాలి. అలా చెప్పాలంటే ముందు కొన్ని పనులు చేసి పెట్టుకోవాలి. బాత్రూమ్ లీకునే ఉదాహరణగా తీసుకుంటున్నా కానీ వైరింగ్, పెయింటింగ్, మాడ్యులర్ కిచెన్, ఏసీ ఫిట్టింగ్ దేనికైనా దారి దాదాపు ఇదే.

1. ఆ రోజు డబ్బు ఇవ్వకండి, టైల్స్ పగలగొట్టనివ్వకండి

ఆయన వచ్చీ రాగానే సుత్తి తీస్తే ఆపండి. టైల్ లేచిందంటే మీ సాక్ష్యం కూడా లేచిపోయినట్టే. కింద పైపు జాయింట్ ఎలా ఉంది, వాటర్‌ప్రూఫింగ్ పొర అసలు ఉందా లేదా అన్నది పగలగొట్టేటప్పుడు వీడియో తీస్తేనే తెలుస్తుంది, సిమెంట్ పోసేశాక ఎవరు చెప్పిందైనా నమ్మాల్సిందే. అడ్వాన్స్ కూడా వద్దు. "రేపు మాట్లాడదాం మేస్త్రీ గారూ, ముందు లీకు ఎక్కడో చూద్దాం" అంటే చాలు.

అయితే నీళ్లు మాత్రం వెంటనే ఆపాలి. ఆ బాత్రూమ్ వాల్వ్ కట్టేయండి, వాడకం మానేయండి, ఆ రోజే కింది సీలింగ్ ఫోటోలు తీసుకోండి. ఇది మంచితనం కోసం చెప్పడం లేదు. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 73 ప్రకారం నష్టపరిహారం లెక్కగట్టేటప్పుడు, నష్టం పెరగకుండా ఆపడానికి మీ చేతిలో ఉన్న మార్గాలేంటో కూడా చూస్తారు. ఆర్నెల్లు అదే బాత్రూమ్‌లో స్నానాలు చేసి, కింది వాళ్ల సీలింగ్ పెచ్చులూడాక ఆ మొత్తం ఖర్చూ మేస్త్రీ మీద వేస్తానంటే కుదరదు.

2. లీకు ఎక్కడిదో తేల్చండి

గొడవలో సగం ఇక్కడే తేలిపోతుంది, అందుకే దీనికి ఒక రోజు పోయినా పర్లేదు. చెమ్మ ఎప్పుడు పెరుగుతోందో కింది వాళ్లని అడగండి. స్నానాల తర్వాత పెరిగి, మీరు ఊరెళ్లిన రోజుల్లో ఆరుతోందంటే నీళ్లు నేల నుంచో డ్రైనేజీ నుంచో దిగుతున్నాయి, అంటే గ్రౌటింగ్ (టైల్స్ మధ్య సందులు పూడ్చే పని), నహానీ ట్రాప్ చుట్టూ పూత, లేదా కింద వాటర్‌ప్రూఫింగ్. మీరు నల్లా తిప్పినా తిప్పకపోయినా ఒకే తీరుగా కారుతోందంటే ఎప్పుడూ నీళ్లు నిండి ఉండే సప్లై పైపుని అనుమానించాలి.

నేల సంగతి తెలియాలంటే నీళ్లు నిలబెట్టి చూడాలి. ట్రాప్ నోట్లో ప్లాస్టిక్ కవర్ చుట్టిన గుడ్డ గట్టిగా కుక్కి, గుమ్మం అంచు దాటకుండా అంగుళం మేర నీళ్లు నింపి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, తలుపు మూసి 24 గంటలు వదిలేయండి. ఆవిరైపోయి కాస్త తగ్గడం మామూలే, కానీ గీతకి బాగా కిందికి దిగిపోయి, కింద మచ్చ తడిసిందంటే ఇక చెప్పేదేముంది. ముందే ధారగా కారుతున్న ఇంట్లో ఈ పరీక్ష పెట్టకండి, పెట్టినా కింది వాళ్లకి చెప్పి పెట్టండి, లేకపోతే మేస్త్రీతో గొడవ పక్కకుపోయి వాళ్లతో మొదలవుతుంది.

సప్లై లైన్‌కి ప్రెషర్ టెస్ట్ ఉంటుంది. నల్లాలన్నీ కట్టేసి, ప్లంబర్ చేతి పంపుతో లైన్‌లోకి ఒత్తిడి ఎక్కించి గేజ్ చూస్తాడు. ముల్లు నిలబడితే లైన్ బాగున్నట్టు, దిగుతూ పోతే ఎక్కడో జాయింట్ వదిలినట్టు.

పైపుల్లో తప్పు చాలాసార్లు కంటికే కనిపిస్తుంది. గీజర్ నుంచి వచ్చే వేడినీళ్ల లైన్‌కి తెల్లటి యూపీవీసీ పైపు వేశాడంటే అది చల్లనీళ్ల పైపు, వేడికి జాయింట్లు వదిలేస్తాయి. అక్కడ మీగడ రంగులో ఉండే సీపీవీసీ వేయాలి, అది 93 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. సీపీవీసీ పైపే వేసి, జాయింట్‌కి మాత్రం దాని సొల్యూషన్ కాకుండా చేతిలో ఉన్న మామూలు పీవీసీ సొల్యూషన్ పూసేవాళ్లూ ఉన్నారు. ఇలాంటిది దొరికితే ఫోటో తీసి పెట్టుకోండి, దానికి మించిన వాదన అక్కర్లేదు.

ఈ పరీక్షలకి ఆ మేస్త్రీనే పిలవండి, ఆయన ఎదురుగానే చేయండి. రానంటే, పిలిచినట్టూ రానన్నట్టూ వాట్సాప్‌లో ఉండాలి. అప్పుడు మీకు సంబంధం లేని ఇంకో ప్లంబర్‌నో సివిల్ ఇంజినీర్‌నో తెచ్చి చూపించి, కారణం ఏంటో కాగితం మీద రాయించుకోండి. నోటిమాట చాలదు. రెండో మేస్త్రీ ఎవరైనా సరే వచ్చీ రాగానే "ఎవడు సార్ ఈ పని చేసింది" అనే మొదలుపెడతాడు, ఆ మాటకి విలువ లేదు. "వేడినీళ్ల లైన్‌లో యూపీవీసీ వాడారు, గోడలో ఎల్బో జాయింట్ దగ్గర లీకు ఉంది" అని తేదీ, సంతకంతో రాసిచ్చినదానికి విలువ ఉంది. ఆ మనిషికి ఇచ్చిన ఫీజు రసీదు కూడా దాచండి, తర్వాత అదీ అడగొచ్చు.

3. ఇది నిజంగా ఆ మేస్త్రీ లెక్కేనా

ఫ్లాట్ చేతికొచ్చి 5 ఏళ్లు నిండలేదా? బాత్రూమ్ బిల్డర్ కట్టించి ఇచ్చిందేనా? అయితే మేస్త్రీతో మాట్లాడటం ఆపి బిల్డర్ దగ్గరికి వెళ్లండి. ఇళ్లు కట్టి అమ్మే బిల్డర్లని నియంత్రించే రెరా చట్టం, 2016లో సెక్షన్ 14(3) ఉంది. నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం కనిపించి, స్వాధీనం ఇచ్చిన 5 ఏళ్లలోపు మీరు తెలియజేస్తే, బిల్డర్ అదనంగా ఏమీ తీసుకోకుండా 30 రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే తెలంగాణలో తెలంగాణ రెరాకి, ఆంధ్రాలో ఏపీ రెరాకి ఫిర్యాదు చేసి పరిహారం అడగొచ్చు. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ వాళ్లు "ఇది మీ ఫ్లాట్ లోపలిది, మీరే చేయించుకోవాలి" అంటే విని జేబులోంచి పెట్టుకునేవాళ్లు ఎందరో, సొసైటీ వాళ్ల మాటకీ బిల్డర్ బాధ్యతకీ సంబంధం లేదు. ఒకటే చిక్కు. మధ్యలో మీరు బాత్రూమ్ తవ్వి మార్పులు చేయించి ఉంటే బిల్డర్ దాన్నే పట్టుకుంటాడు, అది ఊహించుకునే వెళ్లండి.

మేస్త్రీ వైపు నుంచీ ఆలోచించండి. లీకు ఆయన ముట్టుకోని పాత డ్రైనేజీ పైపుదా? డబ్బు మిగులుతుందని పైపులు మీరే తెచ్చిచ్చారా, ఆయన వద్దన్నా అవే వేయమన్నారా? "వాటర్‌ప్రూఫింగ్ చేయిద్దాం సార్" అంటే "అక్కర్లేదు, టైల్సే కదా" అన్నారా? ఇలాంటివి ఉంటే తప్పంతా ఆయన నెత్తిన వేయడం న్యాయం కాదు, నిలబడదు కూడా.

4. కాగితాలు లేకపోయినా పర్లేదు, ఉన్నవి పోగు చేయండి

మన దగ్గర ఈ పనులకి అగ్రిమెంట్లు ఎవరు రాసుకుంటారు! వాచ్‌మన్ చెప్పాడనో, బావమరిది ఇంట్లో చేశాడనో పిలుస్తాం, డైరీలో చింపిన కాగితం మీద అంకెలు వేసిస్తాడు, అదే కొటేషన్. ఆ కాగితమే తీయండి. యూపీఐ చెల్లింపుల స్క్రీన్‌షాట్లు తీయండి, వాటిలో బ్యాంకులో ఉన్న ఆయన పూర్తి పేరు కనిపిస్తుంది, నోటీసు పంపాల్సి వస్తే మీ దగ్గరున్న అసలు పేరు అదొక్కటే కావచ్చు. హార్డ్‌వేర్ షాపు బిల్లులు, పని జరుగుతున్నప్పుడు మీ ఇంట్లోవాళ్లు తీసిన ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు, అన్నీ ఒక ఫోల్డర్‌లో పడేయండి. ఆయనతో ఉన్న చాట్‌లో డిసప్పియరింగ్ మెసేజ్‌లు ఆన్ అయి ఉంటే ఈ రోజే ఆఫ్ చేయండి. స్క్రీన్‌షాట్లు ఉన్నాయి కదా అని చాట్ డిలీట్ చేయొద్దు, అసలుది మీ ఫోన్‌లో ఉండాలి.

బిల్లు అడిగితే "బిల్లు కావాలంటే జీఎస్టీ పడుతుంది సార్, పద్దెనిమిది శాతం" అని భయపెట్టడం ఒక అలవాటు. సేవలు అందించేవాళ్లు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, రిజిస్ట్రేషన్ లేనివాళ్లు జీఎస్టీ వసూలు చేయకూడదు. మామూలు రసీదుకి జీఎస్టీతో పని లేదు. పైగా 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, చేసిన సేవకి బిల్లో రసీదో ఇవ్వకపోవడాన్ని కూడా అనుచిత వ్యాపార పద్ధతుల్లోనే చేర్చారు.

5. ఆయన చెప్పిన మొత్తాన్ని ముక్కలు చేయండి

అసలు పని ఇది. "ఇరవై నాలుగు వేలు" అన్న గుండుగుత్త మాటకి ఒప్పుకోవద్దు, కాదనీ అనొద్దు. "దేనికెంతో రాసివ్వండి" అనండి. ఆయన ఇలా రాశాడనుకుందాం: పగలగొట్టే కూలీ 4,500, శిథిలాలు దించి ఆటోలో పంపడానికి 2,000, వాటర్‌ప్రూఫింగ్ కెమికల్, దాని కూలీ కలిపి 6,500, టైల్స్ 5,000, వేసే కూలీ, గ్రౌటింగ్ 4,000, డైవర్టర్ (నీళ్లని షవర్‌కో నల్లాకో మళ్లించేది) మార్చి కొత్తది పెట్టడానికి 2,000.

ఇప్పుడు ఒక్కో అంకె దగ్గర ఆగి ఒకే ప్రశ్న అడగండి: మొదటిసారే పని సరిగ్గా జరిగి ఉంటే ఈ ఖర్చు నాకు వచ్చేదా?

పగలగొట్టడం, శిథిలాలు, మళ్లీ వేయడం, గ్రౌటింగ్ ఇవేవీ వచ్చేవి కావు. ఆ 10,500 పూర్తిగా ఆయనదే. టైల్స్ కూడా అంతే, బాగున్న టైల్స్ ఆయన తప్పు వల్లే పగులుతున్నాయి కాబట్టి వాటి ఖర్చు ఆయనదే. అదే డిజైన్ ఇప్పుడు దొరక్కపోతే ఆ ధరలో దగ్గరగా ఉన్నది వేయాలి. మీరు ఇదే అదను అని చదరపు అడుక్కి ముప్పై రూపాయలు ఎక్కువున్నది ఎంచుకుంటే ఆ తేడా మీరే కట్టుకోవాలి. డైవర్టర్ మీరు సరదాపడి మార్పించుకుంటున్నది, ఆ 2,000 మీవే, దాని మీద బేరమాడి పరువు పోగొట్టుకోకండి.

వాటర్‌ప్రూఫింగ్ దగ్గరే కాస్త ఆలోచించాలి. మొదటి కొటేషన్‌లో అది ఉండి, డబ్బు కట్టించుకుని, సరిగ్గా చేయకపోతే మళ్లీ 6,500 అడగడం కుదరదు. కొటేషన్‌లో లేకపోతే? ఆయన అసలు ఆ ఊసే ఎత్తలేదంటే, బాత్రూమ్ పని చేసేవాడికి ఆ మాత్రం చెప్పే బాధ్యత లేదా అని గట్టిగా అడగండి. అయినా అది మొదటిసారే చేయించి ఉంటే మీకు ఖర్చయ్యేదే కాబట్టి కెమికల్ ఖర్చు మీరు పెట్టుకుని కూలీ ఆయన్ని భరించమనడం నాకు సబబుగా అనిపిస్తుంది. ఆయన చెప్పినా మీరే వద్దని ఉంటే ఆ 6,500 ఇచ్చేయండి. టైల్స్ తవ్వే ఖర్చులోనూ కొంత మీ మీద పడుతుంది.

ఏసీలోనూ ఇదే లెక్క. రాగి పైపుని ఏసీకి కలిపే ఫ్లేర్ నట్ సరిగ్గా బిగించక గ్యాస్ పోయిందంటే మళ్లీ గ్యాస్ నింపే ఖర్చు ఫిట్టింగ్ చేసినవాడిదే. వైరింగ్‌లో సన్నటి వైరు వేసి కాలిపోతే కొత్త వైరు ధరలో మొదటే మందం వైరు వేసి ఉంటే మీరు కట్టాల్సిన తేడా వరకే మీది, మిగతాది ఆయనది. పెయింటింగ్‌లో పుట్టీ ఆరకుండానే రంగేసి పొరలూడితే గీకే కూలీ, రంగు రెండూ వాళ్లవే, కానీ గోడలో ముందునుంచీ చెమ్మ ఉందని వాళ్లు చెప్పినా మీరు పండక్కి అయిపోవాలని తొందరపెట్టి ఉంటే మాట్లాడకండి.

6. ముందు మాట, వెంటనే రాత

ఫోన్‌లో మర్యాదగానే మాట్లాడండి. మేస్త్రీలు చాలామంది కూలీలకి రోజుకూలీ లెక్కన ఇస్తూ గుత్త మీద కాస్త మిగుల్చుకునేవాళ్లే, రెండోసారి మనుషుల్ని పెట్టడమంటే చేతి నుంచి పోతుంది, అందుకే అడుగుతారు. ఆ ఇబ్బంది అర్థమైందని చెప్పండి, కానీ ఆ ఖర్చు మీది కాదనీ చెప్పండి. మంచి మేస్త్రీ అయితే, మీ బంధువుల్లో ఇంకో పని దొరుకుతుందన్న ఆశ ఉంటే, ఇక్కడే ఒప్పుకుంటాడు. చాలా గొడవలు నిజానికి ఈ మెట్టు దాటవు.

మాట్లాడిన అరగంటలోపు వాట్సాప్‌లో ఇలా పెట్టండి, మీ వివరాలతో మార్చుకోండి:

"మేస్త్రీ గారూ, నమస్తే. ఫలానా తేదీన పూర్తయిన మా బాత్రూమ్ పనికి మీకు మొత్తం ఇంత చెల్లించాను. ఫలానా తేదీ నుంచి కింది ఫ్లాట్‌కి నీళ్లు దిగుతున్నాయి. మీ ఎదురుగా చేసిన పరీక్షలో నేల నుంచే దిగుతున్నట్టు తేలింది, వీడియో పంపుతున్నాను. దీన్ని సరిచేయడానికి మీరు 24,000 అడిగారు. ఇందులో కొత్త డైవర్టర్‌కి 2,000 నేను ఇస్తాను. మిగతాది మీ పనిలో లోపం సరిచేయడానికి అయ్యే ఖర్చు కాబట్టి నేను ఇవ్వాల్సింది కాదు. ఫలానా తేదీలోగా పని మొదలుపెట్టండి. ఈలోగా మీరు రాకపోతే వేరేవాళ్లతో చేయించి ఆ ఖర్చు మీ నుంచి అడగాల్సి వస్తుంది."

గడువు పది, పదిహేను రోజులు ఇవ్వండి. బెదిరింపులు, పోలీసుల ప్రస్తావన, కులం, ఊరు లాంటి మాటలు ఒక్కటి కూడా వద్దు. అది రేపు ఇంకొకరు చదివే కాగితం. ఇది సివిల్ తగాదా, స్టేషన్‌కి వెళ్లినా కోర్టుకి వెళ్లమనే చెప్పి పంపుతారు. ఇంకో మాట, ఆయన డ్రిల్లింగ్ మెషీన్, కటింగ్ మెషీన్ మీ ఇంట్లో ఉండిపోయాయని వాటిని పట్టుకుని కూర్చోకండి. అప్పటిదాకా న్యాయం మీవైపు ఉంటే అక్కడితో ఆయనవైపు పోతుంది.

మీరింకా ఆయనకి చివరి వాయిదా బాకీ ఉంటే మీ పని సగం తేలిక. ఆ డబ్బు ఎగ్గొడుతున్నట్టు కాకుండా, పని సరయ్యాక ఇస్తానని అదే మెసేజ్‌లో రాయండి.

7. గడువు దాటింది, రాలేదు

ఇద్దరు ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకోండి, మరీ ఎక్కువ చెప్పినవాణ్ణి కాకుండా మధ్యలో ఉన్నవాణ్ణి పెట్టుకోండి. పగలగొట్టేటప్పుడు మొదటి టైల్ నుంచి వీడియో తీయండి, తేదీ తెలిసేలా ఆ రోజు పేపర్ పక్కన పెడితే ఇంకా మంచిది. బయటపడ్డ పాత పైపు ముక్కని పారేయకుండా సంచిలో కట్టి పెట్టండి. కొత్త మేస్త్రీ బిల్లులో సరిచేసిన పని వేరుగా, మీరు అదనంగా చేయించుకున్నది వేరుగా రాయించుకోండి. కింది వాళ్ల సీలింగ్ బాగుచేయించాల్సి వస్తే వాళ్లకి మీరే ముందు చేయించి ఇవ్వండి, మీ మేస్త్రీతో మీకున్న గొడవ వాళ్లకి అనవసరం, ఆ బిల్లు కూడా మీ లెక్కలో కలపండి.

ఒక్కోసారి వేరే దారి ఉండదు. ఆయన తప్ప ఆ పని ఎవరూ ముట్టుకోమంటారు, లేదా సగం తవ్వేసి డబ్బిస్తేనే మిగతాది అంటాడు. అలాంటప్పుడు ఇవ్వండి, కానీ నగదు వద్దు. యూపీఐలో పంపుతూ నోట్‌లో "అభ్యంతరంతో" అని రాసి, వెంటనే "ఈ డబ్బు నేను ఇవ్వాల్సింది కాదు, పని ఆగిపోకూడదని మాత్రమే ఇస్తున్నాను, తిరిగి అడిగే హక్కు ఉంచుకుంటున్నాను" అని మెసేజ్ పెట్టండి. ఇది లేకుండా ఇస్తే మీరు ఒప్పుకునే ఇచ్చారని అంటారు.

యాప్‌లో బుక్ చేసిన పనైతే ఇంత అక్కర్లేదు. టెక్నీషియన్ బయట డబ్బు అడిగితే ఇవ్వకుండా యాప్‌లోనే ఫిర్యాదు పెట్టండి. సమాధానం రాకపోతే వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పి నెలలో పరిష్కరించాలి. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి, ఆలస్యం చేస్తే గడువు పోతుంది. యూపీఐ డిస్ప్యూట్ మాత్రం ఇలాంటిదానికి పనికిరాదు. మీరే పిన్ కొట్టి సరైన మనిషికే పంపిన డబ్బుని, పని బాగాలేదని బ్యాంకు వెనక్కి తేదు.

8. 1915, నోటీసు, కమిషన్

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. కంపెనీ, యాప్, డీలర్ అయితే ఇది బాగానే పనిచేస్తుంది. ఒంటరి మేస్త్రీ మీద అంతగా పనిచేయదు, అయినా ఫిర్యాదు నంబర్ ఒకటి చేతిలో ఉంటుంది.

తర్వాత నోటీసు. లాయరే ఇవ్వాలని లేదు, మీరే తెలుగులో రాసి స్పీడ్ పోస్టులో పంపొచ్చు. పై మెసేజ్‌లోని విషయమే, దానికి తోడు ఎంత డబ్బు, ఎన్ని రోజుల్లో అన్నది. ఆయన ఇంటి అడ్రస్ తెలియకపోవడమే ఇక్కడ పెద్ద తలనొప్పి. ఆయన్ని పరిచయం చేసినవాళ్లనీ, మెటీరియల్ తెచ్చిన హార్డ్‌వేర్ షాపునీ అడగండి.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడం అనుకున్నంత కష్టం కాదు. సేవకి మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల దాకా జిల్లా కమిషనే చూస్తుంది, 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 2025 జనవరి నుంచి నడుస్తున్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. గొడవ పుట్టిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వేయాలి. 2019 చట్టంలో నాకు బాగా నచ్చింది ఏంటంటే మీరు నివసించే చోటో ఉద్యోగం చేసే చోటో కేసు వేసుకోవచ్చు. కర్నూలులో అమ్మానాన్నల ఇంటికి పని చేయించింది మీరై, డబ్బు కట్టింది మీరై, బెంగళూరులో ఉంటుంటే బెంగళూరులోనే వేయొచ్చు. అవతలివాళ్లు నోటీసు అందిన 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబివ్వాలి. కేసు మూడు నెలల్లో తేలాలని చట్టంలో ఉంది కానీ అది నమ్ముకుని క్యాలెండర్ దగ్గర కూర్చోకండి.

లోపమున్న సేవకి తీసుకున్న డబ్బు, రసీదులో వేరే గడువు రాసి లేకపోతే, 30 రోజుల్లో తిరిగి ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే అని ఆ చట్టం చెబుతుంది. ఈ వాక్యం మీ నోటీసులో ఉండాలి. సరిచేయించిన ఖర్చు, కింది వాళ్లకి పెట్టిన ఖర్చు, ఇంజినీర్ ఫీజు, కేసు ఖర్చులు అడగండి. మానసిక వేదనకి ఐదు లక్షలు అని రాయకండి, ఇరవై రెండు వేల గొడవలో అలాంటి అంకె చూస్తే మీ అసలు లెక్క మీదా అనుమానం వస్తుంది.

ఐదారు వేల లోపు గొడవైతే నేనైతే కమిషన్ దాకా వెళ్లను. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని అర్జీ ఇస్తాను. వాళ్ల హెల్ప్‌లైన్ 15100. ఫీజు ఉండదు, అవతలి మనిషికి జడ్జి గారి ఆఫీసు నుంచి పిలుపు వెళ్తుంది, చాలామందికి ఆ పిలుపు అందగానే మీ నంబర్ అన్‌బ్లాక్ అవుతుంది. అక్కడ ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్నది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఒప్పుకోకపోతే పోయేదేమీ లేదు, కమిషన్ దారి అలాగే ఉంటుంది.

9. రాజీ కుదిరితే

ఎక్కడ కుదిరినా కాగితం మీద పెట్టండి. ఏ పని, ఎవరి మెటీరియల్, ఎప్పటికి పూర్తి, మీరిచ్చేది ఎంత, అది ఎప్పుడు. టైల్స్ వేయకముందే ఒకసారి నీళ్లు నిలబెట్టి 24 గంటలు చూస్తామనీ, టైల్స్ అయ్యాక మరోసారి చూస్తామనీ, మీరు ఇవ్వాల్సింది ఏదైనా ఉంటే రెండోసారి చూశాకే ఇస్తామనీ రాయండి. ఇంకో ఏడాదిలోపు అదే చోట లీకు వస్తే ఉచితంగా చేస్తానని ఆయనతో రాయించుకోండి. ఇద్దరి సంతకాలు, తేదీ, ఆయన అడ్రస్.

కింది వాళ్ల సీలింగ్ పెయింట్ ఎవరు వేయించాలన్నదీ అందులోనే ఉండాలి. అది మాత్రం లీకు ఆగిన వారంలోనే వేయించకండి, స్లాబ్‌లో పట్టిన చెమ్మ పూర్తిగా ఆరేదాకా ఆగాలి, లేకపోతే నెల తిరక్కుండా పొరలుగా లేచి, మళ్లీ లీకవుతోందని వాళ్లు మీ తలుపు కొడతారు.